ఎడమ చెయ్యి పైకి

2024 ఫిబ్రవరి 6, బాపట్ల

రింగు బాగానే కట్టారు. పాత పొగాకు గోడౌనులో దీపాలు వేలాడదీసి, నాలుగు వైపులా తాళ్ళు బిగించి, కింద పట్టా పరిచారు. అచ్చం నిజంలాగే ఉంది. నిజం కానిది అందులో దిగేవాళ్ళే. హీరోయిన్ గారికి గ్లవ్ తొడగడానికి ఇద్దరు మనుషులు కావాలి. పాపం మంచి పిల్లే, కనపడ్డప్పుడల్లా నమస్కారం పెడుతుంది. గుద్దితే మాత్రం ఈగని తోలినట్టుంటుంది.

నన్ను పిలిపించింది సలహాలు చెప్పడానికి. మా అమ్మాయి రూబీని పిలిపించింది ఆఖరి పోటీలో హీరోయిన్‌కి ఎదురు నిలబడి ఓడిపోవడానికి. జిల్లాలో తన బరువులో మా రూబీని ఓడించిన ఆడపిల్ల లేదు. సినిమాలో ఓడిపోవాలట. సరే, కథ వాళ్ళది.

డైరెక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఇవాళ నన్ను మానిటర్ దగ్గరికి పిలిచాడు.

"మాస్టారూ, మీ అమ్మాయి ఎడమ చెయ్యి బుగ్గకి అడ్డం వస్తోందండి. కెమెరాకి మొహం దొరకట్లేదు. కాస్త దించమని చెప్తారా?"

"ఆ చెయ్యి అక్కడ నిలబెట్టడానికి నేను పన్నెండేళ్ళు అరిచానండి," అన్నాను.

"ఈ నాలుగు రోజులకేనండి."

రూబీ దించింది. మానిటర్లో చూశాను. నిజమే, మొహం బాగా పడింది. వాళ్ళమ్మ పోలిక.

ఫిబ్రవరి 9

షూటింగు లేదు. డైరెక్టరు తన లాప్‌టాప్ ఇచ్చి బాక్సింగ్ సినిమాలు చూడమన్నాడు. దేశదేశాల్లో గొప్ప గొప్ప వాళ్ళు మెచ్చుకున్నవట. లాడ్జి గదిలో నేనూ రూబీ వరసపెట్టి చూశాం.

ఏం చూసి మెచ్చుకున్నారో నాకు బోధపడలేదు. ఒక్కడూ చెయ్యి పైకెత్తడు. మొహం పచ్చడయ్యేదాకా తింటాడు, రక్తం కారుతుంది, సంగీతం మొదలవుతుంది, అప్పుడు గుర్తొస్తుంది బాబుగారికి తనకీ రెండు చేతులున్నాయని. నిజం పోటీలో అయితే రిఫరీ ఎప్పుడో ఆపి ఇంటికి పంపేవాడు. కానీ చూసే జనానికి కాచుకునేవాడు అక్కర్లేదు, తినేవాడు కావాలి.

ఇంకో సంగతి. ప్రతి సినిమాలోనూ ఒక ముసలి కోచ్ ఉంటాడు. గొంతు చించుకుంటాడు, ఎవరి మాటా వినడు, లోపల మాత్రం మనసు వెన్నట.

"నిన్ను చూసే రాసినట్టున్నారు నాన్నా," అంది రూబీ.

"నేను లోపల కూడా ఇంతే," అన్నాను.

చాలాసేపు నవ్వింది. పిల్ల అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 14

ఆఖరి దెబ్బ తీశారు. పొద్దుటినించీ అదే పని. మొహం కనపడే షాట్లకి హీరోయిన్, గుద్దే షాట్లకి ఆమె బదులు విశాఖ నించి తెచ్చిన బాక్సర్ అమ్మాయి. ఆ అమ్మాయిది బరువైన చెయ్యి. దెబ్బని బుగ్గ దాకా తెచ్చి ఆపుతుంటే డైరెక్టరుకి నచ్చడం లేదు. నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"దొంగ దెబ్బని జనం పట్టేస్తారండి. ఒక్కటంటే ఒక్కటి నిజంగా తగలనిద్దామా? మీరు వద్దంటే వద్దు."

"తగలనివ్వండి. మా పిల్లేం మైనపు బొమ్మ కాదు," అన్నాను.

రూబీని అడిగారు. అది నా వంక చూసింది. నేను తల ఊపాను.

చెయ్యి దించి నిలబడింది. దెబ్బ ఎడమ కంటి మీద పడింది, గ్లవ్ బొటనవేలు వైపు. వెనక్కి తూలి, తాడు పట్టుకోబోయి, తాడు లేని చోట చెయ్యి చాపి, గాలిలో రెండుసార్లు తడిమి మోకాళ్ళ మీద కూలబడింది. కట్ చెప్పడం కూడా మరిచిపోయారు. తరవాత యూనిట్ అంతా ఒకటే చప్పట్లు. డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది, అబద్ధమెందుకు.

కన్ను ఎర్రబడింది. ఐసు పెట్టాం.

ఫిబ్రవరి 16

కంట్లో నల్లటి ఈగలు తిరుగుతున్నట్టుంది నాన్నా, అంది. నిద్ర చాలక. పైగా ఎప్పుడు చూసినా ఆ ఫోను. ఫోను లాక్కున్నాను.

ఫిబ్రవరి 17

తగ్గిపోయిందట. ఫోను ఇచ్చేశాను.

ఏప్రిల్ 22, రేపల్లె

అనుకున్నంతా అయింది. సినిమా జబ్బు అంటుకుంది.

మిషను స్కూలు పాత హాల్లో రూబీని షాహీన్‌తో దింపాను. షాహీన్ మా టైలరు గులాం మొహిద్దీన్ కూతురు, చిన్నప్పటినించీ ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుంటూ పెరిగారు. షాహీన్ గుద్దు ఎప్పుడు ఏ వైపు నించి వస్తుందో రూబీ నిద్రలో కూడా చెప్పగలదు. అలాంటిది ఇవాళ షాహీన్ కుడిచేత్తో వేసిన ప్రతిదీ దీని ఎడమ చెంప మీదే. చెయ్యి కిందనే ఉంటోంది. లేపితే ఆలస్యంగా లేపుతోంది, దెబ్బ తగిలాక తలుపేసినట్టు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. షూటింగులో వచ్చిన బుద్ధి ఎప్పుడు పోతుందో ఏ పెద్దలూ చెప్పలేదు. ఎడమ చెయ్యి పైకి, ఎడమ చెయ్యి పైకి అని అరిచి అరిచి గొంతు పోయింది. మా ఆవిడ ప్రేమకుమారి మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

మే 30

ఎడమ చెయ్యి. మళ్ళీ.

జులై 3

స్కూటీని గేటుకి రాసింది. ఎడమ హ్యాండిల్ వంగిపోయింది. రోజూ దూరే గేటే. చూపు ఎక్కడ పెట్టుకుని నడుపుతోందో.

ఆగస్టు 21

సినిమాకి ఏదో దేశంలో బహుమతి వచ్చిందట. మొహిద్దీన్ కుట్టుమిషను ఆపేసి పేపరు పట్టుకుని హాలుకి పరిగెత్తుకొచ్చాడు. పేపర్లో రాసినాయన హీరోయిన్ గురించి నాలుగు ముక్కలు రాసి, మిగతాదంతా రూబీ గురించే రాశాడు. దెబ్బ తిన్నాక తాడు కోసం గాలిలో వెతికిన ఆ చెయ్యి, దిక్కు తెలియని ఆ చూపు ఈ ఏడాది తెర మీద కనపడ్డ గొప్ప నటన అట. మొహిద్దీన్ పైకి చదువుతూ మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నాడు.

నేను నేర్పింది కాదు అది. దానంతటదే చేసింది. ఆ మాటే అందరికీ చెప్పాను.

సాయంత్రం ఊళ్ళో పెద్దలు శాలువా కప్పారు. ఫొటోలు తీస్తుంటే రూబీ ప్రతివాడికీ కుడి బుగ్గే తిప్పుతోంది. ఎడమ పక్క నిలబడ్డవాళ్ళని చెయ్యి పట్టి కుడి పక్కకి తెచ్చుకుంటోంది. తన మొహం ఏ పక్క నించి బాగుంటుందో కూడా నేర్చుకొచ్చింది. ఇంక మనం ఏం నేర్పుతాం.

సెప్టెంబరు 15

డిసెంబరులో రాష్ట్ర పోటీలు తెనాలిలోనే. బంగారు పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం వచ్చినట్టే. వచ్చే ఏడాది వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు. ఈ సంగతి రూబీకి రోజూ చెప్తున్నాను, మరిచిపోకుండా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రేమకుమారి మజ్జిగ గ్లాసు దాని ఎడమ పక్కన పెట్టింది. మోచెయ్యి తగిలి మొత్తం నా కంచంలోకి ఒలికింది. నేను ఏదో అనబోతుంటే ప్రేమకుమారి అందుకుంది.

"ఏమండి, పిల్ల కన్ను చూపిద్దామండి. అటు పక్క నిలబడి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తంది. కోడి చూసినట్టు."

"నాకేం లేదమ్మా, బాగానే ఉంది," అంది రూబీ. అంటూ నా వంకే చూసింది.

"బాగానే ఉందంటోందిగా," అన్నాను. "డాక్టరు గడప తొక్కితే చాలు, మూడు నెలలు రింగు ఎక్కొద్దని రాసేస్తాడు. వాడి సొమ్మేం పోయింది. పోటీలవ్వనీ, అప్పుడు చూపిద్దాం."

"పోటీలకి కన్ను అక్కర్లేదా అండి?"

అంగన్‌వాడీలో పసిపిల్లలకి పాటలు చెప్పే మనిషి నాకు బాక్సింగ్ చెప్తోంది. ఆ మాటే అన్నాను. ప్రేమకుమారి ఒలికిన మజ్జిగ తుడిచి లోపలికెళ్ళిపోయింది.

అక్టోబరు 8

సంతోషించాల్సిన రోజు. రాసుకోవాలి.

తువ్వాలు చించి రూబీ ఎడమ గ్లవ్‌ని తల మీది హెల్మెట్ పట్టీకి కట్టేశాను. చెయ్యి దించితే మెడ వంగుతుంది. మా గురువుగారు నాకు చేసిన వైద్యమే. ఆ పక్కనే నిలబడి, చెయ్యి జారినప్పుడల్లా చెంప మీద ప్యాడ్‌తో వేశాను. గట్టిగానే వేశాను. ఏడవలేదు, మొండిది.

తరవాత ఒక పరీక్ష చేశాను. కట్టు విప్పి, ఎదురుగా గోడ మీద గడియారం వంక చూడమని, ఎడమ పక్క నించి ప్యాడ్‌ని విసురుగా తెచ్చి కంటికి బెత్తెడు దూరంలో ఆపాను. రెప్ప వేయలేదు. మళ్ళీ చేశాను. కదల్లేదు, రెప్ప వేయలేదు. మనిషన్నవాడికి మొహం మీదికి ఏదొచ్చినా రెప్ప పడుతుంది. నా ఇన్నేళ్ళ పనిలో ఆ రెప్పని ఆపిన పిల్లని చూడలేదు. దీనికి భయం పోయింది.

"అదీ," అని వీపు మీద తట్టాను. ఎందుకు తట్టానో తెలియనట్టు చూసింది.

అక్టోబరు 27

షాహీన్ వారం నించి రావడం లేదు. ఇవాళ మొహిద్దీన్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. టేపు మెడలోనే ఉంది.

"ప్రభుదాసు గారూ, మా పిల్ల ఏడుస్తందండి. రూబీ అక్కని ఇంక కొట్టలేనంటంది."

"ఏం, చేతులు నెప్పా?"

"కాదండి. ఎడమ పక్క నించి కొడితే కళ్ళులేనోళ్ళని కొట్టినట్టుందంట. అక్కకి అటేపు కనపడట్లేదు నాన్నా, మాస్టారికి చెప్పు అంది. తప్పనుకోకండి. ఒకసారి చూపించండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సినిమాలో రూబీ ఉంది, షాహీన్ లేదు. పేపర్లో రూబీ పేరు పడింది. పోటీలు దగ్గర పడుతుండగా ఇప్పుడు కన్ను కనపడదని ఊళ్ళో పుకారు పుట్టిస్తే మధ్యలో ఎవరికి లాభం? అదే అడిగాను. మొహిద్దీన్ మెడలో టేపు తీసి చుట్ట చుట్టుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఓర్వలేనితనం. ఎంత మంచివాళ్ళకైనా ఉంటుంది.

అక్టోబరు 28

రూబీనే అడిగాను. రెండు కళ్ళూ బాగానే ఉన్నాయంది. ఒక కన్ను మూయించి వేళ్ళు చూపించి అడుగుదామనుకున్నాను. మళ్ళీ అనిపించింది, పిల్లని నమ్మనట్టుంటుందని. అడగలేదు.

నాతో అబద్ధం చెప్పదు.

నవంబరు 10, ఆదివారం

గుడి ఆరాధన అయ్యాక సంఘంలో సగం మందిమి ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళాం, సినిమాకి. పాస్టరుగారు కూడా వచ్చారు. రూబీ వరసలో ఎడమ చివరి సీటు పట్టుకుని కూర్చుంది, మమ్మల్నందరినీ కుడివైపున పెట్టుకుని. హీరోయిన్‌కి కూడా ఇంత పట్టింపు లేదు.

నా వరకు సినిమా సాగతీత. మెచ్చుకున్నవాళ్ళకి ఓపిక ఎక్కువ. ఆఖరి పోటీ వచ్చేసరికి మాత్రం హాలు హాలంతా నిశ్శబ్దమైంది. దెబ్బ పడింది. రూబీ చెయ్యి తెరంత పెద్దదై తాడు కోసం తడిమింది. పక్కన ఎవరో ఆడమనిషి అయ్యో తల్లీ అంది. తరవాత చప్పట్లు, ఈలలు. గర్వంగా రూబీ వైపు తిరిగాను.

అది కుడి కన్ను అరచేత్తో మూసుకుని తెర వంక చూస్తోంది.

"ఏంటది?" అన్నాను.

"ఏం లేదు నాన్నా," అని చెయ్యి తీసేసింది.

తన దెబ్బ తనే చూడలేకపోయింది కాబోలు. నాకు మాత్రం తిరుగు రైల్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. శీతాకాలం గాలి, తలనొప్పి.

డిసెంబరు 1

బరువు సరిపోయింది. ఒళ్ళు సరిపోయింది. ఎడమ చెయ్యి కూడా ఇప్పుడు పైనే ఉంటోంది, కట్టకపోయినా. అంతా సరిపోయింది.

డిసెంబరు 14, తెనాలి

ఆపేశారు.

డిసెంబరు 15

నిన్నటిది రాయాలి.

ఫైనల్లో కర్నూలు అమ్మాయి. మొదటి రౌండు రూబీదే. ఎడమ చెయ్యి చెంపకి అంటించుకుని, కుడిచేత్తో దాన్ని తాళ్ళకి తోసింది. నేను చెప్పినట్టే చేసింది. ఆ కర్నూలు పిల్లకి ఒక తెలివైన కోచ్ ఉన్నాడు. విరామంలో దాని చెవిలో ఏదో చెప్పాడు. రెండో రౌండు నించి ఆ పిల్ల రూబీకి ఎడమ పక్కకే తిరగడం మొదలుపెట్టింది. తిరిగి, ఆగి, కుడిచేత్తో కొడుతుంది. రూబీ దాన్ని వెతుక్కుంటోంది. రింగులో ఉన్నది ఇద్దరే, అయినా వెతుక్కుంటోంది.

అక్కడ నాకు తెలిసింది. తెలిసి కూడా అరిచింది ఆ మాటే. ఎడమ చెయ్యి పైకి. నా గొంతు విని అది నా వైపు తల తిప్పింది. దెబ్బ మళ్ళీ అదే కంటి మీద పడింది.

రిఫరీ ఆపి డాక్టరుని పిలిచాడు. ఆయన రూబీ కుడి కన్ను మూసి, తన చెయ్యి చూపించి, ఎన్ని వేళ్ళమ్మా అన్నాడు.

"రెండు," అంది.

ఆయన పిడికిలి మూసే ఉంది.

"సరిగ్గా చూసి చెప్పమ్మా."

"మూడు సార్. మూడండి. నేను ఆడతా సార్."

డాక్టరు నా వంక చూశాడు. రిఫరీ నా వంక చూశాడు. కర్నూలు కోచ్ కూడా చూశాడు. హాల్లో కొందరు కుర్రాళ్ళు సినిమా అమ్మాయి, సినిమా అమ్మాయి అని అరుస్తూ ఫోన్లలో తీసుకుంటున్నారు. తాళ్ళ మధ్య నించి దిగబోతూ రూబీ తాడు కోసం చెయ్యి చాపింది. తాడు అక్కడ లేదు. నేను పట్టుకున్నాను.

డిసెంబరు 16, గుంటూరు

కంటి లోపలి పొర ఊడిపోయిందట. ఊడి చాలా కాలమైందట. మొదట్లో చిన్న చిరుగు అయి ఉంటుంది, అప్పుడే వస్తే కుట్టేసినట్టు అతికించి పంపేవాళ్ళం అన్నాడు డాక్టరు.

"ఎన్నాళ్ళ నించమ్మా ఇట్టా ఉంది?" అని అడిగాడు.

ప్రేమకుమారి నా వంక చూసింది.

"తెలీదండి," అన్నాను నేను.

"ఎవరికీ చెప్పలేదా తల్లీ? కళ్ళ ముందు నల్లగా ఏవో తిరిగి ఉండాలే."

"చెప్పలేదండి," అంది రూబీ.

నన్ను కాపాడింది. పరాయివాడి ముందు నన్ను కాపాడింది. ఆ మాట విన్నప్పుడు నాకు చచ్చిపోవాలనిపించింది.

డిసెంబరు 18

ఆపరేషను అయింది. చూపు మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. వెలుతురు తెలిస్తే గొప్ప అన్నారు. పోలీసు ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కాఫీకని కిందికెళ్ళి, ఆసుపత్రి గోడ పక్కన నిలబడి ఏడ్చాను.

డిసెంబరు 20

డైరెక్టరు ఫోను చేశాడు. ఇంకో బహుమతి వచ్చిందట, ఈసారి రూబీ పేరు మీదే. హైదరాబాదులో వేదిక మీద ఇస్తారట.

"ఆ చూపు ఎట్లా పట్టిందని అందరూ అడుగుతున్నారండి మాస్టారూ. మీరు ఏం చెప్పి చేయించారు?"

ఏం చెప్పాలి. ఆ రోజు తల ఊపాను, అంతే. చెప్పింది కూడా ఏమీ లేదు. పిల్లకి ఒంట్లో బాలేదని చెప్పి పెట్టేశాను.

డిసెంబరు 22

కట్టు విప్పారు. వెలుతురు కూడా లేదు.

నేను పొద్దుటినించి మంచం పక్కనే కూర్చున్నాను. రూబీ నా వైపు చూడదు. కిటికీ వంకే చూస్తూ పడుకుంది. వాళ్ళమ్మ ఇడ్లీ తినిపిస్తే తింది, నర్సు ఏదో అడిగితే నవ్వింది కూడా. నేను పలకరిస్తే ఊ అంటుంది, మొహం మాత్రం తిప్పదు. షాహీన్, మొహిద్దీన్ బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మొహిద్దీన్ నాతో మామూలుగానే మాట్లాడాడు, రైలు ఆలస్యమైందని, ఇక్కడ ఎండ బాగా ఉందని. షాహీన్ కిటికీ వైపు వెళ్ళి నిలబడితే రూబీ దాని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను అలాగే కూర్చున్నాను. కోపం ఉంటే ఉండనీ. తిడితే బాగుండు. నలుగురిలో చెంప మీద కొట్టినా సంతోషమే. అసలు లేనట్టే ఉంటే ఎలా భరించను.

వాళ్ళు వెళ్ళాక ప్రేమకుమారి నన్ను చూసి నిట్టూర్చింది.

"పొద్దుటినించీ ఎడమ పక్కనే కూర్చున్నారుగా. దానికెట్టా కనపడతారండి? ఇటు రండి."

ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా అనుకున్నాను. పిల్లకి కోపం కాదు, నేను కనపడలేదు, అంతే. ముసలివాణ్ణి, ఇన్నాళ్ళయినా ఆ మాత్రం తెలుసుకోలేకపోయాను. స్టూలు ఎత్తుకుని మంచం చుట్టూ తిరిగి కిటికీ వైపు వెళ్ళి కూర్చున్నాను.

"రూబీ," అన్నాను.

చూసింది. ఉన్న ఒక్క కంటితో నన్ను బాగా చూసింది, తల నించి కాళ్ళ దాకా, తొందరేమీ లేకుండా. చూశాక దిండు మీద తల ఎత్తి, మొహం అటు తిప్పుకుని పడుకుంది, ఇందాకటిదాకా నేను కూర్చున్న వైపుకి.